‘మనమంతా ఒకే కుటుంబం’ – ఈ మాట ఎవరి లాభానికి?

పదకొండేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డు కార్యకర్తగా పనిచేస్తున్న ఒకామె ఉద్యోగం పోయింది. తీసేశారు అనడానికి కూడా లేదు. తీసేసినట్టు ఆమెకి ఎవరూ కాగితం ఇవ్వలేదు. చేర్చుకున్నప్పుడైనా ఇచ్చారా అంటే అదీ లేదు. ఒక నెల సమీక్షా సమావేశానికి కబురు రాలేదు. మర్చిపోయి ఉంటారనుకుంది. రెండో నెల ఆమె తిరిగే ఊళ్ల నుంచి సంఘం ఆడవాళ్లు ఫోన్ చేసి, “వేరే అక్క వచ్చిందమ్మా, నువ్వు మానేశావంట గదా” అన్నారు. తను మానేసిన సంగతి ఆమెకి అట్లా తెలిసింది.

ఆమె డబ్బు తినలేదు. పని ఎగ్గొట్టలేదు. అంతకు కొద్ది నెలల ముందు సమావేశంలో సంస్థ బాధ్యురాలిని ఒక్క ప్రశ్న అడిగింది. “అక్కా, ప్రాజెక్టు బడ్జెట్లో మా జీతాల కింద ఎంత రాశారు? మా చేతికెంత వస్తోంది?” గదిలో ఎవరం నోరెత్తలేదు. అక్క కళ్లు తుడుచుకుంది. “సొంత చెల్లెల్లా చూసుకున్నా. నన్నే అనుమానిస్తావా?” అంది. అక్కడి నుంచి చర్చంతా అక్క మనసు ఎంత నొచ్చుకుందనే దాని చుట్టూ తిరిగింది. జీతాల లెక్క మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ గదిలో నేనూ ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు. పైగా బయటికొచ్చాక “నలుగురిలో అట్లా అడగొచ్చా?” అని ఆమెకే బుద్ధి చెప్పాను. ఈ వ్యాసం రాయడానికి మొదటి కారణం అదే. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే “ఓహో, అక్కడా!” అనుకుని మిగతా అందరం ఊపిరి పీల్చుకుంటాం. ఇది ఒక్క చోట, ఒక్క మనిషి స్వభావం వల్ల జరిగిన పని అని నేననుకోవడం లేదు. స్త్రీల హక్కుల గురించి మాట్లాడే మన సంస్థల్లోనే, మనందరి అలవాట్ల వల్లే ఇది జరుగుతోంది. అందుకే దీన్ని మన పత్రికలోనే మాట్లాడుకోవాలి.

రాసిపెట్టని చోట రాజ్యమెవరిది?

మన సంస్థల్లో చాలా వాటికి పెట్టిన రోజు నుంచీ ఒక గర్వం ఉంది. “మా దగ్గర బాసులు లేరు. అందరం చాపల మీదే కూచుంటాం, అందరం ఒకే వంట తింటాం.” ఈ మాట అబద్ధమని నేననను. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో, పార్టీల్లో మగ పెత్తనం చూసి చూసి విసిగి, ఆ పెత్తనం లేని చోటు ఒకటి కట్టుకోవాలన్న కోరికతోనే స్త్రీల సంఘాలు మొదలయ్యాయి. కానీ కుర్చీలు తీసేసినంత మాత్రాన ఎత్తుపల్లాలు పోవు.

ఈ సంగతి అమెరికా స్త్రీవాదులకి చాలా ముందే అనుభవంలోకి వచ్చింది. 1960ల చివర అక్కడ పుట్టిన స్త్రీల బృందాలు నాయకులూ వద్దు, నియమాలూ వద్దు అనుకున్నాయి. వాటిలో పనిచేసిన జో ఫ్రీమన్ 1970లో ఒక ప్రసంగంలోనూ, తర్వాత దాన్నే వ్యాసంగా రాసీ ఈ ధోరణిని నిలదీసింది. నిర్మాణం లేని బృందం అంటూ ఏదీ ఉండదని ఆమె వాదన. నియమాలు పైకి కనబడకపోతే లోపల ఉంటాయి. అవి ఎవరికి తెలుసో వాళ్ల చేతిలో అధికారం ఉంటుంది. ఆ తెలిసినవాళ్లు మామూలుగా ఒకరికొకరు స్నేహితులై ఉంటారు. ఎన్నుకున్న నాయకురాలినైతే దింపొచ్చు. ‘నేను నాయకురాలిని కాను’ అనే మనిషిని దింపడం ఎట్లా?

ఇది చదివితే నాకు మన ఆఫీసులే కనిపించాయి. మన దగ్గర అసలు నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయి? సమావేశానికి ముందు రోజు రాత్రి అక్క ఇంట్లో, టీ తాగుతూ జరుగుతాయి. ఢిల్లీ పోయే రైల్లో జరుగుతాయి. జీపులో ముందు సీట్లో కూచున్నవాళ్ల మధ్య జరుగుతాయి. మర్నాడు మనమంతా గుండ్రంగా కూచుని, అప్పుడే ఆలోచించి ఆ నిర్ణయానికి వచ్చినట్టు చేతులెత్తుతాం. మినిట్స్ పుస్తకం ఇంగ్లీషులో రాస్తారు. తెలుగు మాత్రమే చదవగలిగిన కార్యకర్త దాని కింద సంతకం పెడుతుంది. పల్లెల్లో నిరక్షరాస్యుల చేత వేలిముద్రలు వేయించుకుని భూములు కాజేశారని మనం సభల్లో చెబుతుంటాం. మన మినిట్స్ పుస్తకం సంగతేమిటి?

ఇంకో ప్రశ్న. ఆ ముందు రోజు రాత్రి టీ దగ్గరికి ఎవరు పోగలరు? దీని జవాబులో కులం ఉంది. అక్క వంటింట్లో చనువుగా స్టవ్వు వెలిగించే అమ్మాయి ఉంటుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ముందు గదిలోనే ఒదిగి కూచునే అమ్మాయి ఉంటుంది. ఈ ఇద్దరి మధ్య తేడాని “ఆమె కొంచెం బిడియస్తురాలు” అని చెప్పుకుంటాం. ఎవరింట్లో ఎంతవరకు పోవచ్చో చిన్నప్పటి నుంచీ ఊరు నేర్పిన పాఠానికి మనం బిడియం అని పేరు పెట్టాం. ఆ బిడియస్తురాలికి ఏ నిర్ణయమైనా అందరికంటే ఆఖర్న తెలుస్తుంది. ఆఖర్న తెలిసిన మనిషి అడిగే ప్రశ్న ఎప్పుడూ ‘అయిపోయిన విషయం’ గురించే అవుతుంది.

‘పర్సనాలిటీ’ ఎవరికి ఉంటుంది?

నాయకత్వ శిక్షణల్లో చార్టు మీద రాయిస్తుంటాం: చొరవ, ధైర్యం, మాట్లాడే నేర్పు, అంకితభావం. ఇవన్నీ కొందరికి పుట్టుకతో వచ్చే గుణాలన్నట్టూ, లేనివాళ్లు నేర్చుకోవాలన్నట్టూ చెబుతాం. ఒక్కసారి ఆగి చూడండి. ఫండింగు ఏజెన్సీ వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడగలిగితే దాన్ని చొరవ అంటున్నాం. స్కూటీ ఉండి రాత్రి ఎనిమిదింటికి ఒక్కతే ఇల్లు చేరగలిగితే ధైర్యం అంటున్నాం. ఇంట్లో పిల్లల్ని చూసే అత్తో, పనిమనిషో ఉండి నాలుగు రోజుల వర్క్‌షాపుకి రాగలిగితే అంకితభావం అంటున్నాం. ఇవేవీ లేని ఆమె గురించి ఏమంటాం? “పని బాగానే చేస్తుంది గానీ లీడర్‌షిప్ క్వాలిటీస్ తక్కువ.” ఆ మాటతో ఆమె పదేళ్లు ఫీల్డులోనే ఉండిపోతుంది. నిన్న చదువు ముగించి వచ్చిన అమ్మాయి ఆమె మీద కోఆర్డినేటర్ అవుతుంది.

పైగా గుణం ఒక్కటే అయినా మనిషిని బట్టి దాని పేరు మారుతుంది. బాధ్యురాలు కోప్పడితే “ఆమె మనసులో ఏదీ దాచుకోదు”. కార్యకర్త కోప్పడితే “నోటిదురుసు”. బాధ్యురాలు ఎవరి మాటా వినకపోతే “స్పష్టత ఉన్న మనిషి”. కార్యకర్త వినకపోతే “మొండిది”. పై కులం అమ్మాయి తన బాధ చెప్పుకుంటే “సున్నితమైన మనసు”. దళిత అమ్మాయి చెప్పుకుంటే “ప్రతిదానికీ కులం తెస్తుంది”. మగవాళ్లు మన గురించి ఇట్లా మాట్లాడినప్పుడు అది పితృస్వామ్య భావజాలం అని వెంటనే గుర్తుపడతాం. మనం మాట్లాడేటప్పుడు మాత్రం అది ‘మనుషుల్ని అర్థం చేసుకోవడం’ అవుతోంది.

1992లో నెల్లూరు జిల్లాలో సారాకి వ్యతిరేకంగా లేచిన ఆడవాళ్లకి ఈ చార్టుల్లోని గుణాలు ఎన్ని ఉన్నాయి? వాళ్లలో ఎక్కువమంది కూలి చేసుకునేవాళ్లు, అప్పుడప్పుడే అక్షరాస్యతా తరగతుల్లో అక్షరాలు దిద్దుతున్నవాళ్లు. దూబగుంట లాంటి ఊళ్లలో మొదలైన పని ఊరి నుంచి ఊరికి పాకింది. సారా దుకాణాలు మూయించారు, వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం ఒక్క మనిషి వ్యక్తిత్వం చుట్టూ అల్లుకుని ఉంటే, ఆ ఒక్కరిని బెదిరించో, కొనో ఆపేసి ఉండేవాళ్లు. ఊరూరా ఎవరికి వాళ్లు నాయకులు కాబట్టే అది వీలు కాలేదు. ఈ ఉద్యమం గురించి మనం ఎన్నో రిపోర్టులు రాశాం. దాని నుంచి మన సంస్థలకి నేర్చుకున్నది మాత్రం తక్కువ.

దీంట్లో నిధులిచ్చేవాళ్ల పాత్రా ఉంది. వాళ్లకి ఎప్పుడూ ఒక ముఖం కావాలి. ఒక పేరు, ఒక ఫోటో, ఒక సంతకం, ఒక ‘స్ఫూర్తిదాయకమైన’ జీవితకథ. నలభైమంది చేసిన పని ఒక్కరి కథగా మారి అచ్చవుతుంది. కొన్నేళ్లకి ఆ ఒక్కరూ దాన్ని నమ్మడం మొదలుపెడతారు. అట్లా నమ్మిన మనిషికి జీతాల లెక్క గురించి ప్రశ్న వస్తే, అది లెక్క గురించిన ప్రశ్నలా వినిపించదు. తన జీవితం మీద నిందలా వినిపిస్తుంది. ఆ రోజు మా అక్క కన్నీళ్లు నటన కాదని నాకు తెలుసు. సమస్య అక్కడే ఉంది. కన్నీళ్లు నిజమైనవైనా అవి చేసిన పని మాత్రం నోరు మూయించడమే.

కుటుంబం అంటే ఏమిటో మనకి తెలీదా?

“మనది ఆఫీసు కాదమ్మా, కుటుంబం.” ఈ మాట విననివాళ్లు మనలో ఉండరు. కుటుంబం గురించి ఇన్నేళ్లుగా మనం చెబుతున్నదేమిటి? అక్కడ ఆడదాని చాకిరీకి లెక్క లేదనీ, ప్రేమ పేరుతో పని చేయించుకుని త్యాగం పేరుతో నోరు నొక్కుతారనీ మనమే పాటలు కట్టాం, నాటికలు వేశాం. అట్లాంటిది మన సంస్థకి అదే పేరు పెట్టుకుని మురిసిపోతున్నాం.

కుటుంబం అన్నాక ఆదివారం రమ్మంటే కాదనకూడదు. జీతం రెండు నెలలు ఆలస్యమైతే అడగకూడదు. కాన్పు సెలవు అక్క దయ. చట్టం చూస్తే, పదిమందీ, అంతకు పైనా పనిచేసే చోట మొదటి రెండు కాన్పులకి 26 వారాలు జీతంతో సెలవు 2017 నుంచి ఉంది. మన దగ్గర ఒకామెకి ఆరు నెలలు దొరుకుతుంది, ఇంకొకామెకి “ఈ ప్రాజెక్టులో ఆ పద్దు లేదమ్మా” అని జవాబు దొరుకుతుంది. ఇద్దరి మధ్యా తేడా అక్కకి ఎంత దగ్గర అన్నదే.

అక్క మంచిది కాదని నేననడం లేదు. ఒకామె కూతురి పెళ్లికి అక్క తన గాజులు కుదువబెట్టి అప్పు ఇచ్చింది. నాకు తెలుసు. కానీ ఆ కార్యకర్తకి పన్నెండేళ్లుగా ప్రావిడెంట్ ఫండు కట్టి ఉంటే ఆ డబ్బు ఆమెదే అయ్యుండేది. ఎవరి గాజులూ కుదువ పెట్టాల్సిన పనుండేది కాదు. హక్కుగా రావాల్సింది దయగా వచ్చినప్పుడు, తీసుకున్న మనిషికి ప్రశ్నించే నోరు పోతుంది. వెనకటికి ఊళ్లో పెళ్లికి అప్పు దొర గడీలోనే పుట్టేది. ఆ అప్పు ఎంతమంది వెట్టికి కారణమైందో మనం చదువుకున్నదే.

కుటుంబం అనే పోలిక కొన్ని చోట్ల పోలికగా కూడా మిగల్లేదు. భర్త లెక్కలు చూస్తాడు, తమ్ముడు జీపు నడుపుతాడు, వదిన కార్యవర్గ సభ్యురాలు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు ఉంటే సంఘం పెట్టుకోవచ్చు. కొన్ని సంఘాల్లో ఆ ఏడుగురూ చుట్టాలే. ఇక ఆ తమ్ముడి మీదే ఒక అమ్మాయి లైంగిక వేధింపుల ఫిర్యాదు చేయాల్సి వస్తే ఎవరి దగ్గరికి పోవాలి? 2013 చట్టం స్వచ్ఛంద సంస్థలనీ, ట్రస్టులనీ, సొసైటీలనీ పనిచేసే చోట్లుగానే చెప్పింది. పది మందీ, అంతకు పైనా ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలంది. పది మంది లోపు ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి పోవచ్చంది. కంపెనీల కమిటీల్లో బయటి సభ్యులుగా కూచునేది మనమే. వాళ్లకి ఈ చట్టం మీద క్లాసులు చెప్పేదీ మనమే. మన ఆఫీసు గోడ మీద మన కమిటీ సభ్యుల పేర్లు ఉన్నాయా? చూసి రండి.

బయట ఒక న్యాయం, లోపల ఒక న్యాయం

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు సమ్మెకి దిగారు. 42 రోజులు చేశారు. 1975లో ఆ పథకం మొదలైనప్పటి నుంచీ వాళ్లకిచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. వాళ్లు ఉద్యోగులు కాదు, సేవ చేసే అక్కచెల్లెళ్లు. అట్లా చెబుతూ వచ్చిన ప్రభుత్వమే 2024 జనవరిలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ, పని ఆపినప్పుడు అత్యవసర సేవ! మనలో చాలామందిమి ఆ శిబిరాలకి పోయాం, మాట్లాడాం, ఈ మోసాన్ని ఎండగట్టాం. అంగన్‌వాడీ కార్యకర్తలకి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెబితే సంతోషించాం.

ఆ శిబిరం నుంచి తిరిగొచ్చి, మన కార్యకర్త గ్రాట్యుటీ మాటెత్తితే ఏమన్నాం? “ఇది ఉద్యోగం అనుకుని వచ్చావా? ఉద్యమం అనుకోలేదా?” అన్నాం. ఈ మాటకీ ప్రభుత్వం మాటకీ తేడా ఏమిటో నాకు చెప్పండి.

రాజస్థాన్‌లో 1984లో మొదలైన మహిళాభివృద్ధి కార్యక్రమంలో పనిచేసిన సాథిన్లకీ ఇచ్చింది గౌరవ వేతనమే. భన్వరీదేవి ఆ సాథిన్లలో ఒకరు. తన పనిలో భాగంగానే బాల్యవివాహాన్ని ఆపబోయింది. 1992 సెప్టెంబరులో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె పని చేసిన చోటు ఏది, యజమాని ఎవరు, బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న అక్కడి నుంచే లేచింది. స్త్రీల సంఘాలు వేసిన కేసులో 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. ఈ దేశంలో పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించిన మొదటి నియమాలు, జీతగత్తె అని కూడా ఒప్పుకోని ఒక కార్యకర్త మీద జరిగిన దౌర్జన్యం నుంచి పుట్టాయి. ఆమె పేరు మన పోస్టర్ల మీద ఉంది. ఆమె లాంటి మన కార్యకర్త రాత్రిపూట ఊళ్లో మీటింగు పెట్టి తిరిగొస్తుంటే ఆమె భద్రత ఎవరి బాధ్యతో మన కాగితాల్లో ఎక్కడైనా రాసి ఉందా?

మూసుకుపోతున్న తలుపు

ఈ మాటలు ఇప్పుడే ఎందుకంటే, బయట ఉన్న కాస్త ఆసరా కూడా తగ్గుతోంది. 1978లో బెంగుళూరు నీటి సరఫరా బోర్డు కేసులో సుప్రీంకోర్టు ‘పరిశ్రమ’ అనే మాటకి విశాలమైన అర్థం చెప్పింది. మనుషుల్ని పనికి పెట్టుకుని క్రమపద్ధతిలో సేవలందించే ధార్మిక సంస్థలు కూడా దాని కిందికి వచ్చే వీలు కలిగింది. అన్యాయంగా తీసేసిన కార్యకర్త లేబర్ కోర్టు మెట్లెక్కి వాదించుకోవడానికి ఒక ఆధారం ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, పూర్తిగా గానీ ఎక్కువ భాగం గానీ ధార్మిక, సామాజిక, దాతృత్వ సేవ చేసే సంస్థల్ని ఆ నిర్వచనం నుంచి తప్పించింది.

కార్మిక కోడ్‌లకి వ్యతిరేకంగా మనం కరపత్రాలు వేశాం. మంచిదే. వాటిలో ఈ ఒక్క వాక్యం గురించి ఎంతమందిమి రాశాం? ఆ వాక్యంతో లాభపడే యజమానులు ఎవరో కాదు, మనమే. అందుకే అది మన కళ్లకి ఆనలేదు. బయటి తలుపు మూసుకుపోతున్నప్పుడు లోపల మనం రాసుకునే నియమాలే కార్యకర్తకి మిగిలే ఆసరా. అవి కూడా లేకపోతే ఆమెకి మిగిలేది అక్క మనసు ఒక్కటే.

మనం చెప్పుకునే సాకులు

“నియమాలు పెడితే మనదీ ప్రభుత్వాఫీసు అవుతుంది, ఆత్మీయత పోతుంది” అంటారు. ఆత్మీయత ఉన్నవాళ్లకి నియమాలతో పనిలేదు, నిజమే. నియమం కావాల్సింది అక్కతో మాట పడిపోయిన రోజున. స్నేహం చెడినా కూడు చెడకుండా చూసేదే నియమం. నిజానికి అప్పుడే స్నేహం స్నేహంగా ఉంటుంది. కూటి కోసం చేసే స్నేహాన్ని స్నేహం అనం గదా.

“నిధులు ఎక్కడున్నాయి?” అంటారు. ఈ ఇబ్బంది నిజమైనదే. 2020 సవరణతో విదేశీ విరాళాల్లో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. చాలా సంస్థలు మూతపడ్డాయి. కానీ డబ్బు తక్కువ ఉండటం వేరు, ఎంత ఉందో చెప్పకపోవడం వేరు. లెక్క గోడకి అంటించడానికి కాగితం ఖర్చు తప్ప ఏమీ కాదు. నిధులు తగ్గినప్పుడు ఎవరి జీతం ఎంత తగ్గాలో అందరూ కూచుని తేల్చుకోవచ్చు. ఇప్పుడు తగ్గేది ముందు ఎవరిదో మనకి తెలుసు.

“ఇంటిగుట్టు బయట పెడితే శత్రువులకి ఆయుధం ఇచ్చినట్టు” అంటారు. ఇది బలమైన వాదన. స్త్రీల సంస్థల మీద ఎప్పుడు బురద చల్లుదామా అని చూసేవాళ్లు ఉన్నారు. కానీ భర్త కొడుతున్నాడని చెప్పుకోవడానికి వచ్చిన ఆడదానికి మనం ఏనాడైనా ఇంటిగుట్టు దాచుకోమని చెప్పామా? గుట్టు వల్ల ఇల్లు నిలబడుతుందని మనం నమ్మం. సంస్థ మాత్రం ఎట్లా నిలబడుతుంది?

“ఆమె తన జీవితమంతా ధారపోసింది” అంటారు. అవును. నగలమ్మి, బస్టాండుల్లో పడుకుని, ఊళ్లో పెద్దమనుషుల చేత తిట్లు తిని సంస్థని నిలబెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్ల రుణం తీరేది కాదు. కానీ త్యాగం పొలం పట్టా లాంటిది కాదు. ఎంత త్యాగం చేసినా, ఇంకో మనిషి జీవనాధారం మీద లెక్క చెప్పనక్కర్లేని అధికారం దాంతో రాదు. పైగా ఈ పద్ధతి ఆ అక్కనీ తినేస్తుంది. సెలవు పెట్టలేదు, జబ్బు పడలేదు, ముసలిదైనా దిగలేదు. దిగితే సంస్థ ఏమవుతుందో ఆమెకే తెలీదు. ఒక్కరి మీదే నిలబడ్డ సంస్థ ఆ ఒక్కరితోనే పోతుంది.

నా సంగతి, మనం చేయాల్సింది

ఆ సంఘటన తర్వాత నేను ఆ సంస్థ వదిలి, కొన్నాళ్లకి ఇంకోచోట బాధ్యురాలినయ్యాను. అక్కనయ్యాను. నేను ఎవర్నీ ఏడిపించనని నమ్మకం. రెండేళ్లు తిరక్కుండానే నా జీపులో ముందు సీట్లో ఎప్పుడూ ఒకే అమ్మాయి కూచుంటోందని గమనించాను. నా మాటకి ఎదురుచెప్పని అమ్మాయి. కిందటేడు మా జీతాల పట్టిక గోడకి అంటించాం. మొదట బయటపడింది నాకూ వాళ్లకీ మధ్య ఉన్న తేడానే. నెల రోజులు గొడవైంది. నాకు చాలా కష్టమనిపించింది, కళ్లనీళ్లు కూడా వచ్చాయి. ఆ రోజు అక్క కన్నీళ్లు గుర్తుకొచ్చి బయటికి పోయి ఏడ్చాను. సమావేశం మాత్రం జీతాల మీదే జరిగింది.

కాబట్టి మంచి మనుషుల్ని వెతుక్కోవడం దీనికి మందు కాదని అనుభవంతో చెబుతున్నాను. మంచి మనిషి చేతిలో కూడా లెక్క చెప్పనక్కర్లేని అధికారం చెడుగానే పనిచేస్తుంది. నేను అడుగుతున్నవి ఇవి.

పనిలో చేరిన రోజే ప్రతి కార్యకర్తకీ తెలుగులో నియామక పత్రం ఇవ్వాలి. జీతం, సెలవు, పని గంటలు, తీసేయాల్సి వస్తే ఎంత గడువు, ఏ కారణాలు, ఎవరికి అప్పీలు అన్నవి అందులో ఉండాలి.

బాధ్యురాలితో సహా అందరి జీతాలూ, ప్రాజెక్టు బడ్జెట్లలో జీతాల పద్దులూ కార్యకర్తలకి తెలియాలి. మినిట్స్ తెలుగులో రాసి, చదివి వినిపించాకే సంతకాలు తీసుకోవాలి.

కార్యవర్గంలో కార్యకర్తలు ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. బాధ్యుల చుట్టాలు అందులో ఉండకూడదు. బాధ్యురాలి పదవికి కాలపరిమితి ఉండాలి. దిగిన తర్వాత ఆమెకి గౌరవంగా బతకడానికి ఏర్పాటూ ఉండాలి. అది లేకనే చాలామంది దిగడానికి భయపడుతున్నారు.

లైంగిక వేధింపుల కమిటీ సభ్యుల పేర్లు, జిల్లా స్థానిక కమిటీ చిరునామా ప్రతి ఆఫీసు గోడ మీదా ఉండాలి. వేతనాలు, తొలగింపులు, కుల వివక్ష మీద ఫిర్యాదులు వినడానికి జిల్లాలోని సంస్థలు కలిసి ఒక ఉమ్మడి కమిటీ వేసుకోవాలి. ఒక సంస్థ ఫిర్యాదు ఇంకో సంస్థ వాళ్లు వినాలి.

చివరగా, కార్యకర్తలు తమ సంఘం తాము పెట్టుకుంటామంటే బాధ్యులు అడ్డు రాకూడదు. పల్లెపల్లెకీ పోయి సంఘం పెట్టుకోండని చెప్పిన నోటితో వద్దని ఎట్లా అంటాం?

ఈ మధ్య ఆమెని కలిశాను. మండల కేంద్రంలో బట్టల షాపులో పనిచేస్తోంది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే పని. “ఇక్కడ నన్ను చెల్లీ అనేవాళ్లు లేరు. ఒకటో తారీకున మాత్రం జీతం ఇస్తారు” అని నవ్వింది. ఆ రోజు నోరు విప్పనందుకు క్షమించమని అడిగాను. “క్షమాపణ నాకెందుకక్కా? ఆ రోజు ఆ గదిలో ఏం జరిగిందో కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వు. నేను దొంగతనం చేసి పోయానని ఊళ్లో అనుకుంటున్నారు” అంది.

రాసిచ్చాను. ఈ వ్యాసం దాని తర్వాత రాసిందే. ఆ గదిలో ఉన్న మిగతావాళ్లు కూడా ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు. వాళ్ల సంతకాల కోసం ఆమె ఎదురుచూస్తోంది. నా మాటలతో ఏకీభవించనివాళ్లు తప్పకుండా రాయండి. కానీ ఈసారి అక్కల మనసుల గురించి కాకుండా, కార్యకర్తల కాగితాల గురించి రాయండి.